పూత మనది, కోత మేస్త్రిది

బహ్రెయిన్‌లో కలప పండదు. ఖర్జూరపు మానులున్నాయి గానీ మంచి తలుపుకో, పెద్ద పడవకో అవి పనికిరావు. అయినా ఈ దీవి వందల ఏళ్ళపాటు చెక్క మీదే బతికింది. పడవలకి టేకు మన మలబారు తీరం నుంచి వచ్చేది. ఇళ్ళ కప్పులకి మడ చెట్ల వాసాలు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చేవి. కోరంగి వైపు వెళ్ళినవాళ్ళకి మడ అడవులు తెలిసే ఉంటాయి, అదే జాతి. ఆ వాసం పొడుగును బట్టే గది వెడల్పు. ముహర్రక్‌లో పాత ఇళ్ళు చూస్తే గదులు ఎంత పొడుగున్నా వెడల్పు మాత్రం సుమారు మూడు మీటర్లు దాటదు. ఎక్కడో ఆఫ్రికా తీరంలో పెరిగిన చెట్టు ఇక్కడి గదికి కొలత పెట్టిందన్నమాట.

ఇప్పుడీ చరిత్ర ఎందుకంటే, మేం అద్దెకుంటున్న పాత విల్లా హాల్లో టేకు ఫ్లోరు ఉంది. ఈ ఊళ్ళో అది అరుదే, ఎక్కడ చూసినా టైల్సూ మార్బులే. సోఫా కాళ్ళ గీతలూ, కిటికీ దగ్గర ఎండకి పాలిపోయిన మచ్చలూ పడి బాగా పాతబడింది. దాన్ని మళ్ళీ బాగుచెయ్యాలి. అమెరికాలో ఉన్న స్నేహితులు "శనాదివారాల్లో మెషీను అద్దెకి తెచ్చుకుని నువ్వే చేసుకో" అంటారు. ఇక్కడి స్నేహితులు "మనవాడెవడినో పిలిస్తే నాలుగు డబ్బులకి చేసిపెడతాడు, నీకెందుకు" అంటారు. ఎవరి ఊరి ధర్మం వాళ్ళది. అసలు ఈ దీవిలో చెక్క పనిని ఎవరెవరు ఎలా పంచుకునేవాళ్ళో చూద్దామని పాత పుస్తకాలు తిరగేశాను.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బహ్రెయిన్ నుంచి తొమ్మిది వందలకి పైగా పడవలు ముత్యాల వేటకి వెళ్ళేవి. ఏటా వేసవిలో సుమారు నాలుగు నెలల సీజను. ప్రతి పడవ మీదా రెండు రకాల చెక్క పని జరిగేది.

మొదటిది గల్లాఫ్ చేసే పని. అంటే పడవలు కట్టే వడ్రంగి. కాగితం మీద ప్లాను ఉండదు, కంటి కొలతే. బాడిసతో పలక చెక్కడం, తాడుతో తిప్పే బర్మాతో బెజ్జాలు పెట్టడం, పలకల మధ్య సందుల్లో నూనెలో తడిపిన నూలు కూరి సుత్తితో దిగ్గొట్టడం. ఇది ఏళ్ళ తరబడి ఒక గురువు దగ్గర నేర్చుకున్నవాడే చెయ్యాలి.

రెండోది కళాసీలు చేసే పని. నీటికి పైనుండే చెక్కకి సొరచేప కాలేయం నుంచి తీసిన నూనె పట్టించడం, నీటిలో మునిగే భాగానికి సున్నమూ కొవ్వూ కలిపిన ముద్ద పూయడం. (నావికుల పుస్తకాల్లో దీన్ని చునామ్ అంటారు, మన సున్నానికి దగ్గర చుట్టమే!) పడవని ఒడ్డుకి లాగి, పాత నాచు గీకి, కొత్త పూత చేత్తోనే పూసేవాళ్ళు. 1938-39లో ఒక కువైట్ ఓడలో ప్రయాణం చేసిన అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు ఇలాంటి పనులన్నీ దగ్గరుండి చూసి 'సన్స్ ఆఫ్ సింద్‌బాద్' అనే పుస్తకం రాశాడు.

ఈ పంపకం ఎందుకొచ్చిందో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. పూతకి అన్‌డూ ఉంది. నూనె సరిగ్గా పట్టకపోతే మళ్ళీ పట్టించుకోవచ్చు, వచ్చే సీజనుకి ఎలాగూ పట్టించాల్సిందే. కోతకి అన్‌డూ లేదు. పలక ఒక బెత్తెడు పొట్టిగా కోశావా, అంతే. నైరుతి రుతుపవనాలు మొదలైతే మలబారు రేవులు మూతపడేవి కాబట్టి ఇంకో పలక కోసం నెలల తరబడి కూర్చోవలసి రావచ్చు.

మన ఊళ్ళలోనూ ఇదే లెక్క కదా. మట్టి నేలని పేడతో అలకడం ఇంట్లో వాళ్ళ పని, వారం వారం జరిగేది. సున్నపు గచ్చు వెయ్యాలంటే మాత్రం మేస్త్రి రావాల్సిందే.

ఇప్పుడు దీన్ని హార్డ్‌వుడ్ ఫ్లోరుకి అన్వయించి చూడండి. మామూలుగా గట్టి చెక్క పలక మందం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. కానీ అదంతా వాడుకోవడానికి లేదు. పలకని పక్క పలకతో కలిపే నాలుక మధ్యలో ఉంటుంది, దానికి పైనున్న ఆరేడు మిల్లీమీటర్లే మన ఆస్తి. డ్రమ్ము మెషీనుతో పూర్తిగా సాండింగ్ చేసిన ప్రతిసారీ అందులో దాదాపు ఒక మిల్లీమీటరు దాకా పోతుంది. మెషీను తిరుగుతుండగా ఒక్క క్షణం ఒకచోట ఆగితే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటని సరిచెయ్యాలంటే చుట్టూ ఉన్నదంతా ఆ లోతుకి దించాలి. పైన పల్చటి టేకు పొర అతికించిన ఇంజనీర్డ్ పలకలైతే మరీ కష్టం, కొన్నిట్లో ఆ పొర ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంచేత సాండింగ్ అనేది పేరుకే పాలిష్ పని, నిజానికి కోత.

అసలు సాండింగ్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. నాలుగు చుక్కల నీళ్ళు ఫ్లోరు మీద వెయ్యండి. ముత్యాల్లా నిలబడితే పాత పూత ఇంకా బతికే ఉంది, పైపైన గరుకు చేసి కొత్త పూత వేస్తే సరిపోవచ్చు. నీళ్ళు ఇంకి చెక్క నల్లబడితే ఆ పూత అయిపోయినట్టే. అలాగని మురికి మీదా మైనం మీదా వార్నిష్ పూసేస్తే కొన్నాళ్ళకి పొట్టులా లేచిపోతుంది. ఇల్లు అలకగానే పండగ కాదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంతవరకూ లెక్క బాగానే ఉంది. కానీ చరిత్రలో ఇంకో ముక్క నన్ను ఇబ్బంది పెట్టింది. పడవకి నూనె పట్టించింది కళాసీలు గానీ పడవ వాళ్ళది కాదు. పడవ నడిపే నఖుదా (మన సరంగు లాంటివాడు) సీజను మొదట్లో వాళ్ళకి అప్పిచ్చేవాడు, చివర్లో ముత్యాల వాటాలోంచి తీసుకునేవాడు. అప్పు తీరకపోతే మళ్ళీ ఏడు కూడా అదే పడవ. తండ్రి అప్పు కొడుకు నెత్తిన పడ్డ సందర్భాలున్నాయి. 1920లలో వచ్చిన సంస్కరణల్లో ముఖ్యమైనది ఏమిటంటే, ముత్యాలకి మునిగే ప్రతి మనిషికీ తన లెక్క రాసిన పుస్తకం తన చేతికివ్వాలని. నూనె పట్టించినందుకు వేరే కూలి ఏమీ లేదు, పడవ ఎక్కినవాడు చెయ్యాల్సిన చాకిరీలో అదీ ఒకటి. 'మన పని మనమే చేసుకోవడం' అన్న మాటలో 'మనం' ఎవరు?

ఈ రోజు 'మనవాడెవడినో పిలిస్తే' అన్నప్పుడు వచ్చేవాడు చాలాసార్లు నిజంగానే మనవాడు. నిజామాబాదో, జగిత్యాలో, కోనసీమో అయ్యుంటుంది. ఊళ్ళో ఏజెంటుకిచ్చిన డబ్బు కోసం చేసిన అప్పు ఇంకా తీరి ఉండదు. మూతికి తువ్వాలు కట్టుకుని కిటికీలు మూసిన గదిలో రోజంతా చెక్క పొడి పీలుస్తాడు. చెక్క పొడి మనుషుల్లో కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. తక్కువ ధర ఎక్కడినుంచి వస్తుందో అక్కడ తెలుస్తుంది.

మేం చివరికి పనిని రెండుగా విడగొట్టాం. సాండింగ్‌కి కాంట్రాక్టరుని పెట్టుకున్నాం. అయితే ధర అడిగేముందు మూడు ప్రశ్నలడిగాను: పొడి పీల్చే మెషీను ఉందా, పనిచేసేవాళ్ళకి సరైన మాస్కులు ఇస్తారా, గడప దగ్గర పలక మందం కొలిచి చెబుతారా. మొదటి ఇద్దరు నవ్వారు, మూడో ఆయన గడప దగ్గర కూర్చుని కొలిచాడు. ఖర్చు ఎక్కువే అయింది. నూనె మాత్రం నేనూ మా ఆవిడా పట్టించాం. అందులో రెండు జాగ్రత్తలు. అవిసె నూనె లాంటివి తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, విప్పి ఆరెయ్యాలి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచాలి. రెండోది, ఇక్కడి వేసవిలో సెలవులకి ఇంటికెళ్తూ ఏసీ కట్టేస్తే సముద్రపు తేమకి పలకలు ఉబ్బుతాయి. అందుకని ఏసీ కొన్నాళ్ళు ఒకే తీరుగా నడిచాకే పని మొదలుపెట్టాలి.

1930లలో జపాను కల్చర్డ్ ముత్యాలూ, ప్రపంచమంతా పట్టిన మాంద్యమూ కలిసి ముత్యాల వ్యాపారాన్ని ముంచేశాయి. 1932లో ఇక్కడ చమురు పడింది. గల్లాఫ్‌లూ కళాసీలూ మెల్లగా వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. 2012లో యునెస్కో ముహర్రక్ ముత్యాల దారిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో సియాదీ అనే పెద్ద వర్తకుల ఇల్లుంది, ఓ నఖుదా ఇల్లుంది, ముత్యాల కోసం సముద్రంలో మునిగిన ఒకతని చిన్న ఇల్లు కూడా ఉంది. ఈ వైపు వచ్చినప్పుడు వర్తకుల ఇంటితో ఆపెయ్యకుండా ఆ చిన్న ఇంటిదాకా కూడా నడవండి.