గంపలో వేలాడిన సోక్రటీస్

 పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా ఫస్టియర్‌లో కాలేజీ ఫంక్షన్‌కి ఒక స్కిట్ వేశారు. నలుగురు నడుముకి ఆకులు కట్టుకుని, మొహాలకి మసి పూసుకుని ఏవో అరుపులు అరిచారు. వాళ్లు "అడవి మనుషులు" అట. హాలంతా నవ్వింది. వెనక వరసలో కూర్చున్న హాస్టల్ వాళ్లం మేమూ కొంచెం నవ్వాం. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. జోక్‌ని జోక్‌లా తీసుకోవాలిలే అని మాకు మేమే చెప్పుకున్నాం. ఈ మధ్య లైబ్రరీలో సోక్రటీస్ గురించి చదువుతుంటే ఆ రోజు మళ్లీ గుర్తొచ్చింది.

క్రీ.పూ. 423. గ్రీసులోని ఏథెన్స్‌లో డయోనైసస్ దేవుడి జాతర. అక్కడ జాతరంటే నాటకాల పోటీ కూడా. జనం కొండ వాలులో కూర్చుని చూసేవాళ్లు. ఆ ఏడు అరిస్టోఫేనీస్ అనే కవి 'మేఘాలు' అనే హాస్య నాటకం వేయించాడు. అందులో సోక్రటీస్ అసలు పేరుతోనే ఉన్నాడు. గాలిలో వేలాడే గంపలో కూర్చుని సూర్యుడి గురించి ఆలోచిస్తుంటాడు. అప్పుల్లో మునిగిన ఒక రైతు, అప్పు ఎగ్గొట్టే వాదన నేర్చుకుందామని ఆయన బడికి వస్తాడు. తనకి బుర్రకెక్కక కొడుకుని పంపుతాడు. కొడుకు చదువుకొచ్చి తండ్రినే కొట్టి, కొట్టడం న్యాయమేనని వాదిస్తాడు. చివరికి రైతు ఆ బడికి నిప్పు పెడతాడు.

నిజం చెప్పాలంటే నాటకం బాగా నవ్విస్తుంది. కానీ ప్లేటో చూపించిన సోక్రటీస్ వేరు. ఆయన ఫీజు తీసుకోడు, బజారులో నిలబడి న్యాయం అంటే ఏంటి, ధైర్యం అంటే ఏంటి అని అడుగుతాడు. పోటీలో నాటకానికి మూడో స్థానం, అంటే ఆఖరిది. అక్కడితో అయిపోవాలి కదా.

అయిపోలేదు. 24 ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 399లో, సోక్రటీస్ మీద కేసు. యువకుల్ని చెడగొడుతున్నాడు, నగరం దేవుళ్లని నమ్మడు అని. ప్లేటో రాసిన 'అపాలజీ'లో సోక్రటీస్, ఇప్పుడు కేసు పెట్టినవాళ్ల కంటే పాతవాళ్లంటేనే నాకు భయం అంటాడు. తీర్పు చెప్పేవాళ్లు చిన్నప్పటి నుంచీ ఆయన మీద చెడ్డమాటలు వింటూ పెరిగారు. ఆ మాటలు అన్నవాళ్ల పేర్లు కూడా తెలియవు, ఒక్క నాటక కవి పేరు తప్ప. గంపలో వేలాడిన ఆ బొమ్మని కోర్టులో గుర్తు చేస్తాడు. ఇంకో 30 ఓట్లు ఇటు పడుంటే బతికేవాడు. నాటకం ఒక్కటే చంపిందనడం తప్పు. యుద్ధంలో ఓడిన కోపం ఉంది, నియంతల్లో ఒకడైన క్రిటియాస్ ఒకప్పుడు ఈయన వెంట తిరిగినవాడన్న కసి ఉంది. కానీ మనిషిని చూడకముందే జనం బొమ్మని చూసేశారు.

అందుకే ప్లేటో 'రిపబ్లిక్'లో కవులని నగరం బయట పెట్టాడంటే మాకు వింతగా అనిపించలేదు. (మా రూమ్‌లో ఒకడు మాత్రం "ప్లేటో అచ్చం వార్డెనే" అన్నాడు.) తమాషా ఏంటంటే, ఆయన రాసింది దాదాపు అంతా సంభాషణలే, నాటకంలాగే. కవిత్వం తన తరఫున వాదించి గెలిస్తే సంతోషంగా తిరిగి రానిద్దాం అని తలుపు కూడా కొంచెం తెరిచి పెట్టాడు. ఆ వాదన చేసింది ఆయన శిష్యుడు అరిస్టాటిలే. జాలి, భయం కలిగించి నాటకం మనసుని కడుగుతుందన్నాడు. కానీ 'పొయెటిక్స్'లో మనకి మిగిలింది ఎక్కువగా విషాద నాటకం గురించే. హాస్యం గురించి తర్వాత చెప్తానన్నాడు, ఆ భాగం దొరకలేదు. మాకు కావాల్సింది అదే.

కొన్ని వందల ఏళ్ల తర్వాత ఏలియన్ అనే రచయిత ఒక కథ రాశాడు. నాటకం నడుస్తుంటే, ఈ సోక్రటీస్ ఎవరని బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అడుగుతున్నారట. సోక్రటీస్ మాట్లాడకుండా లేచి, నాటకం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడట.

ఆగస్టు 9కి ఈసారి మేమే స్కిట్ రాస్తున్నాం. ఆకులు కట్టుకున్న ఆ నలుగురిని చూస్తున్న వెనక వరసతో మొదలవుతుంది. ఆ వరసలోంచి ముందు ఎవరు లేవాలన్నది రూమ్‌లో ఇంకా తేలలేదు.