దిగులుకు ఒంట్లో మూలం: అమెరికా వైద్యుల వెతుకులాట

అంతర్యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు, 1869లో, న్యూయార్క్ వైద్యుడు జార్జ్ బియర్డ్ ఒక జబ్బుకు న్యూరస్థీనియా అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. నిద్ర పట్టదు. ఊరికే భయం వేస్తుంది. ఒంట్లో సత్తువ ఉండదు, దేనిమీదా మనసు నిలవదు. నరాల్లోని శక్తి హరించుకుపోవడమే దీనికి మూలమని ఆయన వాదన. ఆవిరి యంత్రాలు, తంతి, పత్రికలు, విజ్ఞానశాస్త్రాలు, చివరికి ఆడవాళ్లు బుర్రకు పని చెప్పడం కూడా అమెరికా వాళ్ల నరాలను పిండేస్తున్నాయని 1881లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ నరాల శక్తిని చూసినవాళ్లూ లేరు, కొలిచినవాళ్లూ లేరు. అయినా రోగులకు ఆ పేరు నచ్చింది. పిచ్చి అనిపించుకోవడం కంటే నరాల నీరసం అనిపించుకోవడం నయం కదా! మన ఊళ్ల గోడల మీద నరాల బలహీనత మందుల ప్రకటనలు ఇంకా చెరిగిపోలేదంటే ఆ ఊరటకు గిరాకీ తగ్గలేదన్నమాటే.

బియర్డ్ ఊహించాడు గానీ నిరూపించలేదు. మనసు జబ్బుకు ఒంట్లో మూలం ఉండొచ్చన్న నిరూపణ 1913లో వచ్చింది. అప్పట్లో పిచ్చాసుపత్రుల్లో ఎందరినో బలితీసుకుంటున్న పక్షవాతపు ఉన్మాదానికి మూలమేమిటో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో హిదేయో నొగుచి, జె.డబ్ల్యు. మూర్ తేల్చారు. ఆ రోగంతో చనిపోయిన 70 మంది మెదళ్లను పరీక్షిస్తే 12 మెదళ్లలో సిఫిలిస్ క్రిమి కనబడింది. మనసు జబ్బనుకున్నది సుఖవ్యాధి ముదిరిన రూపమని తేలిపోయింది. ఇంకేం, ప్రతి మనోవ్యాధి వెనుకా ఎక్కడో ఒక క్రిమి నక్కి ఉంటుందన్న ఆశ వైద్యుల్లో పాకింది.

ఆ ఆశ ఎంత దూరం తీసుకెళ్లగలదో న్యూజెర్సీలోని ట్రెంటన్ ప్రభుత్వ ఆసుపత్రి చూపించింది. 1907 నుంచి దాని అధిపతిగా ఉన్న హెన్రీ కాటన్ పళ్ల చిగుళ్లలో, టాన్సిళ్లలో, పేగుల్లో దాగిన చీము విషమే మెదడుకెక్కి ఉన్మాదం పుట్టిస్తుందని నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు. రోగుల పళ్లు పీకించాడు, టాన్సిళ్లు కోయించాడు, నయం కాకపోతే పెద్దపేగు తీయించాడు. పేగు కోతలు జరిగినవాళ్లలో దాదాపు 30 శాతం చనిపోయినట్టు ఆయనే ఒప్పుకున్నాడు. తన పళ్లూ, పిల్లల పళ్లూ పీకించుకున్న మనిషి, అంటే మోసగాడు కాదు. నాకు భయం వేసేది అందుకే. 1920లలో ఫిలిస్ గ్రీన్‌ఏకర్ అనే వైద్యురాలు ఆయన రికార్డులన్నీ తిరగేసి, ఈ చికిత్సతో మేలు జరిగిన దాఖలా లేదని నివేదిక ఇచ్చింది. దాన్ని బయటికి రానివ్వలేదు. ఆపరేషన్ కానివాళ్లు ఏమయ్యారన్న లెక్కను కాటన్ సరిగ్గా పెట్టుకోనేలేదు.

ఆ లెక్క నుంచే మొదలుపెట్టిన మనిషి అదే కాలంలో దక్షిణాది రాష్ట్రాల్లో తిరుగుతున్నాడు. అమెరికా వెతుకులాటలో నా దృష్టికి అందరికంటే పెద్దవాడు ఆయనే.

1906లో అలబామాలోని మౌంట్ వెర్నన్ మానసిక వైద్యశాలలో నల్లజాతి రోగుల చేతుల మీద, మెడ చుట్టూ చర్మం కాలినట్టు నల్లబడి పొలుసులు లేచింది. విరేచనాలు, మతిభ్రమణం, ఆపై మరణం. అది పెల్లాగ్రా. కొద్ది ఏళ్లలోనే దక్షిణాది అంతా వ్యాపించింది. చర్మం మీద మచ్చ పడకముందే చాలామందిలో చిరాకు, నిద్రలేమి, అకారణ భయం, ఏడుపు, దిగులు కనబడేవి. అంటే బియర్డ్ జాబితాలోని లక్షణాలే. అంటురోగమని చాలామంది వైద్యులు తీర్మానించేశారు.

1914లో కేంద్ర ప్రజారోగ్య శాఖ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌ను పంపింది. హంగేరీ నుంచి చిన్నప్పుడే వలస వచ్చి, న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో పెరిగిన యూదు కుర్రాడు ఈయన. ఆసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో తిరిగి ఒక్క ప్రశ్న వేసుకున్నాడు: ఈ జబ్బు ఎవరికి రావడం లేదు? రోగులను పొద్దస్తమానం అంటిపెట్టుకుని ఉండే నర్సులకు, కాపలా వాళ్లకు రావడం లేదు. అంటురోగమైతే గోడకు అటుపక్క, ఇటుపక్క అని చూసుకోదు కదా. మిసిసిపి రాష్ట్రం జాక్సన్‌లోని అనాథాశ్రమంలో ఇంకా చిత్రం. ఆరేళ్లలోపు పిల్లలకు అంతగా రాదు, పన్నెండు దాటినవాళ్లకూ రాదు, ఆ మధ్య వయసువాళ్లనే పట్టుకుంటుంది. వంటగదిలోకి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. పసివాళ్లకు పాలు పోస్తున్నారు. పెద్దపిల్లలు పని చేస్తారు కాబట్టి మాంసం పెడుతున్నారు. పాలు మానేసి, ఇంకా పనికి ఎదగని మధ్యవాళ్లకు మాత్రం మొక్కజొన్న పిండి, మొలాసిస్ పాకం, పంది కొవ్వు. అక్కడా, మరో ఆశ్రమంలోనూ పాలు, గుడ్లు, మాంసం పెంచారు. పెల్లాగ్రా ఇంచుమించు మాయమైంది.

1915లో రాంకిన్ జైలు వ్యవసాయ క్షేత్రంలో క్షమాభిక్ష హామీ మీద ముందుకొచ్చిన ఖైదీలకు ఆ పేదల తిండే నెలల తరబడి పెట్టాడు. చివరిదాకా ఉన్న 11 మందిలో ఆరుగురికి జబ్బు వచ్చింది. విడుదలను ఎరగా చూపి చేసిన ప్రయోగం ఇప్పుడైతే ఏ నీతి సంఘమూ ఒప్పుకోదు. అయినా విమర్శకులు అంటురోగమన్న పాట మానలేదు. దాంతో 1916లో గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు రోగుల రక్తం ఎక్కించుకున్నారు. చర్మపు పొలుసులు, మలమూత్రాలు పిండిలో కలిపి ఉండలు చేసి మింగారు. భార్య మేరీ కూడా పొట్టలోకి రోగి రక్తం ఇంజెక్షన్‌గా వేయించుకుంది. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. ఇంతా చేసి, దక్షిణాది నాయకులకు రోషం వచ్చింది. మా ప్రాంతంలో తిండిలేదంటావా అని. తిండి లేకపోవడం నిజమే. నేలంతా పత్తి వేసి, కూలివాడికి కూరగాయల మడి కూడా మిగల్చని వ్యవస్థ అది. 1929లో గోల్డ్‌బెర్గర్ చనిపోయేనాటికి ఆ లోపించిన పదార్థం పేరు తెలియదు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కల మీద పరీక్షించి అది నికోటినిక్ ఆమ్లమని, అంటే ఇప్పుడు మనం బి3 అంటున్న విటమిన్ అని తేల్చాడు. మరుసటి ఏటికి టామ్ స్పైస్ దాన్ని మనుషులకిచ్చి, భయాలు, మతిభ్రమణం కొద్దిరోజుల్లో తగ్గడం చూపించాడు. 1940లలో పిండిలో కలపడం మొదలయ్యాక మానసిక వైద్యశాలల్లో ఆ వార్డులు ఖాళీ అయ్యాయి.

ఈ కథకు మన దగ్గర కొనసాగింపు ఉంది. దక్కన్‌లో జొన్నే ఆధారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందని హైదరాబాద్ పోషకాహార పరిశోధనాశాలలో కొలుతూరు గోపాలన్, శ్రీకంటియా పరిశీలించారు. మొక్కజొన్నకు చెప్పిన వివరణ జొన్నకు సరిపోలేదు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమై ఉండొచ్చని 1960లో లాన్సెట్‌లో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి.

విటమిన్ల దారిలోనే ఇంకో తెలుగు పేరు తగులుతుంది. భీమవరంలో పుట్టి, స్ప్రూ అనే పేగుల జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకుని అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ సంస్థ 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది రక్తహీనతను సరిచేసేది గానీ, ప్రమాదకర రక్తహీనత (పెర్నీషియస్ అనీమియా) రోగుల్లో నరాల క్షయాన్ని ఆపలేదు. నరాలకు కావాల్సింది బి12. సుబ్బారావు చనిపోయిన 1948లోనే మెర్క్ సంస్థ దాన్ని వేరుచేసింది. నలభై ఏళ్ల తర్వాత, 1988లో, జాన్ లిండెన్‌బామ్ బృందం 141 మంది బి12 లోపం రోగుల సంగతి ప్రచురించింది. నరాల, మనసు లక్షణాలున్న వాళ్లలో 40 మందికి రక్తహీనత గానీ, ఎర్రకణాలు పెద్దవి కావడం గానీ లేదు. రక్తం బాగుందని పంపించేస్తే మూలం దాటిపోతుందన్నమాట. బి12 మొక్కల తిండిలో దొరకదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. శాకాహారం, మధుమేహం రెండూ ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ పరీక్షను డాక్టర్ రాయకపోతే మనమే అడగాలి. థైరాయిడ్ పరీక్ష సంగతీ అంతే, ఆ హార్మోన్ తగ్గినా మనసు కుంగుతుంది. ఆ హార్మోన్‌ను 1914 క్రిస్మస్ రోజున మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ స్ఫటికాలుగా వేరుచేశాడు.

ఇదంతా జరుగుతుండగా మరో దారి తెరుచుకుంది, అనుకోకుండా. 1952లో న్యూయార్క్ స్టేటెన్ ఐలాండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐప్రోనియాజిడ్ ఇచ్చారు. ఊపిరితిత్తుల సంగతి ఎలా ఉన్నా, మంచాన పడ్డవాళ్లు లేచి నవ్వుతూ తిరిగారు. వార్డులో నృత్యం చేస్తున్న రోగుల ఫొటో పత్రికల్లో వచ్చింది. ఇటు మన సర్పగంధి వేరు నుంచి తీసిన రెసర్పిన్‌ను రక్తపోటుకు వాడితే కొందరు దిగులులో పడ్డారు. మెదడులో సెరటోనిన్‌ను అది ఖాళీ చేస్తుందని 1955లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు కనిపెట్టారు. ఈ రెంటినీ కలిపి 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ రసాయనాల లోటు సిద్ధాంతాన్ని రాశాడు. దాన్ని ఊహగానే ఉంచాడు, ఆయన తప్పేం లేదు. 1987 డిసెంబరులో ప్రొజాక్ అనే దిగులు మందుకు అనుమతి రావడం, 1997లో మందుల టీవీ ప్రకటనల నిబంధనలు సడలడం, ఆ ఊహ ఇళ్లలోకి నిజమై వెళ్లిపోవడం ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. 2022లో లండన్‌కు చెందిన జోనా మాన్‌క్రీఫ్ బృందం అంతకుముందు అధ్యయనాల సమీక్షలను చదివి, సెరటోనిన్ తక్కువై దిగులు వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. మందు కొందరికి పనిచేయడం ఒక సంగతి, ఆ జబ్బుకు కారణం అదే కావడం మరో సంగతి. ప్రకటన ఆ తేడా చెప్పదు.

ప్రస్తుతం ఆశలన్నీ ఒంట్లోని వాపు (ఇన్‌ఫ్లమేషన్) మీద ఉన్నాయి. హెపటైటిస్‌కూ, క్యాన్సర్‌కూ ఇంటర్‌ఫెరాన్ అనే మందు ఇచ్చినప్పుడు చాలామందికి దిగులు కమ్మేది. అట్లాంటాలోని ఎమోరీ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ మిల్లర్, చార్లెస్ రెయిసన్ ఆ దారినే పట్టుకుని, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందితో ఒక ప్రయోగం చేశారు. వాపును తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కొందరికి, ఉత్త సెలైన్‌ను కొందరికి ఎక్కించి 2013లో ఫలితాలు ప్రచురించారు. మొత్తంగా చూస్తే తేడా లేదు. రక్తంలో వాపుకు గుర్తయిన సి-రియాక్టివ్ ప్రోటీన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవాళ్లకు మాత్రం మందు ఎక్కువ మేలు చేస్తున్నట్టు కనిపించింది. ఆ గీత కింద ఉన్నవాళ్లకు సెలైన్ ఎక్కినవాళ్లే ఎక్కువ బాగుపడ్డారు.