పితూరీ రికార్డు నుంచి రెజ్యూమే దాకా: కాగితం మీద మనల్ని ఎవరు రాశారు

పోస్టు కొంచెం పెద్దది. సిగ్నల్ లేని ఊళ్లో ఉంటే సేవ్ చేసుకుని తీరిగ్గా చదవండి.

పోయిన నెల మా హాస్టల్లో ఒక చిన్న సంగతి జరిగింది. అనకాపల్లిలో ఎంబీఏ చదివే ఒక అక్క రెజ్యూమే ప్రింటు తీయించుకుని వచ్చింది. జిరాక్స్ షాపులో ఉన్న నమూనాలో పేరు, మార్కులు మార్చి ఇచ్చారట. అందులో 'అనుభవం' అన్న చోట 'లేదు' అని ఉంది. మేము బీకాం చదివేవాళ్లం, ఇళ్లలో మేమే మొదట కాలేజీ గడప తొక్కినవాళ్లం, రెజ్యూమే గురించి మాకూ పెద్దగా తెలీదు. కానీ ఆ అక్క ఇంటర్ రోజుల నుంచి ఊళ్లో డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తోందని మాకు తెలుసు. సంతలో వాళ్లమ్మ అమ్మే చింతపండు, పిప్పళ్ల లెక్క కూడా ఆమే చూస్తుంది. "అది రాయలేదేంటక్కా?" అని అడిగితే, "అదీ ఒక పనేనా, ఇంటి పని కదా" అంది.

ఆ మాట మీద ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. మనం చేసింది పని కాదని మనకు ఎవరు చెప్పారు? ఎప్పటి నుంచి చెబుతున్నారు? అక్కడ మొదలుపెట్టి పాత సంగతులు వెతికాం. అవే ఇక్కడ రాస్తున్నాం.

మన కొండల్ని 'ఏజెన్సీ' అనడం 1839 చట్టంతో మొదలైంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టారు. ఆ 'ఏజెంటు' లోంచి వచ్చిందే ఏజెన్సీ. అంటే మనం రోజూ చెప్పుకునే ప్రాంతం పేరు కూడా అక్కడ కూర్చున్న ఆఫీసరు హోదా పేరే. ఆ తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టేవాడు, అడవిలోంచి కట్టె తెచ్చుకునేవాడు కాగితం మీద నేరస్తుడయ్యాడు. అంతకు ముందు రోజు దాకా అదే మనిషి రైతు.

1909లో థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి, రంగాచారి సాయంతో, దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. బగతలు, కొండదొరలు అందులో ఉన్నారు. ఆయన ఎన్నో కులాల వాళ్ల తలలు, ముక్కులు కొలిపించి అంకెలు వేసుకున్నాడు. ముక్కు కొలత రాసుకున్నారు గానీ, పంట ఎంత పండించారు, సంతలో బేరం ఎలా చేశారు, ఒక కుటుంబం ఏడాదికి గింజలు ఎలా పొదుపు చేసింది అన్న లెక్క ఎంతమందిది రాసుకున్నారు? మాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఇప్పుడు మన జిల్లాలోకి వద్దాం. గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి ఉంది, చాలామంది చూసే ఉంటారు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్ల చేత చాకిరీ చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. పితూరీకి ఉన్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేశారు. తుపాకులు తీసుకుని ఊరికే పోలేదు. ఏమేమి తీసుకున్నారో స్టేషను పుస్తకంలో లెక్క రాసి, సీతారామరాజు సంతకం పెట్టి వెళ్లేవాడని చెబుతారు.

అల్లూరి ధైర్యం గురించి అందరూ పాటలు పాడతారు. మాకు మాత్రం ఆ లెక్క నచ్చింది. ఏం తీసుకున్నారు, ఎన్ని, ఏ రోజు, కింద పేరు. దొంగలు దోచుకుపోయారు అని వాళ్లు రాసుకునే లోపే మనవాళ్లు తమ మాట తామే రాసి పెట్టారు. ఇందులో గొప్ప మాటలేమీ లేవు, అంకెలూ సంతకమూ అంతే.

అదే పోరాటంలో ఉన్న గాం మల్లుదొర సంగతి చూడండి. ప్రభుత్వ రికార్డులో ఆయన పితూరీదారు, ముద్దాయి, ఖైదీ. స్వాతంత్ర్యం వచ్చాక 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా లోక్‌సభకు గెలిచారు. మనిషి మారలేదు. ఆయన గురించి రాసిన కాగితం మారింది.

స్వాతంత్ర్యం వచ్చాక మన కాగితాలు వేరే రకమైనవి. కుల ధ్రువీకరణ పత్రం, స్థానికత పత్రం, రేషన్ కార్డు, గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ డిపో చీటీ. 1956లో పెట్టిన ఆ జీసీసీకి మన అమ్మానాన్నలు ఎంత సరుకు అమ్మారో చెప్పే చీటీలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? ఉద్యోగం అంటే కూడా అప్లికేషను ఫారం, సర్టిఫికెట్ల జిరాక్సులు, గెజిటెడ్ సంతకం. షెడ్యూల్డ్ ఏరియా బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో 3 వచ్చాక, మన అన్నలూ అక్కలూ చాలామంది డీఎస్సీ రాసి టీచర్లయ్యారు. అక్కడ మన గురించి మనం ఒక్క వాక్యం రాసుకోవాల్సిన పని లేదు. మార్కులు, కులం, ఊరు ఉంటే చాలు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కదపలేదు గానీ, తర్వాత వచ్చే మనకు ఆ దారి ఇరుకైపోయింది.

ఇంకో మాట. మన అనకాపల్లి జిల్లాలో గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలాల్లో కొండ పక్క ఊళ్లలో ఉన్న మనవాళ్లు ఐదో షెడ్యూలులోనే లేరు. నాన్ షెడ్యూల్డ్. జీవో 3 బతికి ఉన్నప్పుడు కూడా అది వాళ్ల ఊరి బడికి వర్తించలేదు. ఐదో షెడ్యూలులో చేర్చాలన్న కొట్లాట కొనసాగాల్సిందే, మేము దాని వైపే. కానీ ఈ ఏడాది ఎంబీఏ అయిపోయే వాళ్లు అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మాసిటీకో, విశాఖలో ఏదో బ్యాంకుకో వెళ్లాలి. అక్కడ ప్రైవేటు వాడు మొదట చూసేది మనిషిని కాదు, ఒక పేజీ.

ఆ పేజీ ఎక్కడిది? మొట్టమొదటి రెజ్యూమే లియొనార్డో డావిన్సీది అని చాలామంది చెబుతారు. 1482 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో, పని కోసం మిలాన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జాకు ఉత్తరం రాశాడు. తేలిక వంతెనలు కట్టగలను, కోటల్ని పడగొట్టే సాధనాలు చేయగలను అని వరసగా నంబర్లు వేసి రాశాడు. బొమ్మలు వేయడం కూడా వచ్చు అన్నది చిట్టచివర. ఎందుకంటే ఆ దొరకు అప్పుడు కావాల్సింది యుద్ధం సామాను. అంటే రెజ్యూమే మన జీవిత చరిత్ర కాదు. అవతలివాడికి కావాల్సిన పని మనం ఎక్కడ చేశామో చూపించే చీటీ. రెజ్యూమే అన్న ఫ్రెంచి మాటకు అర్థం కూడా సారాంశం అనే.

మన దగ్గర దానికి ముందు 'బయోడేటా' ఉండేది. తండ్రి పేరు, కులం, మతం, పెళ్లయిందా లేదా, కింద "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను". ఇది సర్కారు ఫారం నుంచి వచ్చిన అలవాటు. అక్క తెచ్చిన కాగితంలో ఇవన్నీ ఉన్నాయి, పని ఒక్కటే లేదు. మేము కూర్చుని తిరగరాశాం. తెలుగులోనే మొదట రాశాం, తర్వాత ఇంగ్లీషులో పెట్టుకున్నాం. 'అనుభవం: లేదు' తీసేసి ఇలా పెట్టాం: "గ్రామ మహిళా సంఘం, పుస్తకాల నిర్వహణ, 2020 నుంచి. 12 మంది సభ్యుల పొదుపు, అప్పు, వాయిదాల లెక్క ప్రతి నెలా రాయడం, బ్యాంకు పాసు పుస్తకంతో సరిచూడడం." దాని కింద సంత లెక్క ఒక వాక్యం.

మాలో ఒకరు 'ఫైనాన్స్ మేనేజర్' అని పెడదామన్నారు. వద్దన్నాం. ఇంటర్వ్యూలో అడుగుతారు కదా. మేమే అడిగి చూశాం: "వాయిదా తప్పితే వడ్డీ ఎలా వేస్తావక్కా?" ఆమె కాగితం కూడా తీసుకోకుండా నోటితో చెప్పేసింది. చేసిన పని చేసినట్టు రాస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

ఎంబీఏ వాళ్లకు ఇంకో చోటు ఉంది, ప్రాజెక్టు. ఎక్కువమంది ఏదో పెద్ద కంపెనీ పేరు మీద సీనియర్ల ప్రాజెక్టు కాపీ కొడతారు. మన పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉంది, దేశంలో పెద్దవాటిలో ఒకటి. రైతుకూ కమీషను వ్యాపారికీ మధ్య ధర ఎలా తేలుతుందో పది రోజులు నిలబడి రాసుకుంటే, లేదా మీ ఊరి సంతలో ధరకీ జీసీసీ ధరకీ తేడా నాలుగు వారాలు రాసుకుంటే, అది రెజ్యూమేలో మూడు వాక్యాలవుతుంది. పక్కవాడి దగ్గర ఆ మూడు వాక్యాలు ఉండవు.

మిగతావి చిన్న విషయాలు, కానీ వాటి దగ్గరే దెబ్బ తింటాం. ఒక్క పేజీ చాలు. డబ్బాలు, రంగులు వద్దు, పెద్ద కంపెనీల్లో ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, డబ్బాల్లో ఉన్నది దానికి సరిగా అందకపోవచ్చు. ఆధార్ నంబరు ఎవరికీ రాయొద్దు. ఇంటిపేరు చూసుకోండి: వంతల, కొర్రా, గెమ్మెలి లాంటి పేర్లు పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటాయి. మెమోలో ఉన్నదే పెట్టండి. సెలవులకు ఊరెళ్తే ఫోను కలవదు కాబట్టి సిగ్నల్ ఉండే స్నేహితుల నంబరు అడిగి రెండోదిగా వేయండి. భాషల దగ్గర తెలుగు, ఇంగ్లీషు మాత్రమే రాసి ఆపొద్దు. కువి, ఆదివాసీ ఒడియా, ఏది వస్తే అది రాయండి. ఏజెన్సీలో బ్రాంచి ఉన్న బ్యాంకుకు అది అక్కరకొచ్చే సంగతే.

కులం రాయాలా వద్దా అన్న దగ్గర మాకు మాకు కుదరలేదు. రిజర్వేషన్ ఉన్న ఉద్యోగానికి ఫారంలో ఎలాగూ రాస్తాం, ప్రైవేటు రెజ్యూమేలో అక్కర్లేదని కొందరం. దాచుకున్నట్టు ఉంటుందని ఇంకొందరం. ఊరి పేరు చూస్తేనే తెలిసిపోతుంది కదా అని ఒకరు నవ్వేశారు. మీరేమంటారో రాయండి.

అక్క ఆ పేజీని పోయిన వారం రెండు చోట్లకు పంపింది. ఇంకా ఫోను రాలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాస్టల్ రీడింగ్ రూములో ఇంకో ఆరుగురివి రాస్తున్నాం. వచ్చేవాళ్లు మెమోలతో పాటు ఊళ్లో మీరు రాసిన సంఘం పుస్తకాలు, సంత లెక్కలు ఏవున్నా ఫోటో తీసి తెచ్చుకోండి.