సిరాపోషణము: నెలలు నిండని శిశువుల పెరుగుదల

నెలలు నిండకయే జన్మించిన శిశువునకు, పాలను జీర్ణించుకొను శక్తి ప్రేగులకు అలవడునంతవరకు, గ్లూకోజు, అమైనో ఆమ్లములు, కొవ్వు, లవణములు, విటమినులు సిర ద్వారా నేరుగా రక్తమున కందించు విధానమే సిరాపోషణము. ఆసుపత్రులలో దీనిని టీపీఎన్ అందురు. 37 వారములకు ముందు పుట్టినవారును, 2,500 గ్రాములకు తక్కువ తూగువారును ప్రత్యేక శ్రద్ధకు పాత్రులే యైనను, ఈ చికిత్స ప్రధానముగా 1,500 గ్రాముల లోపు శిశువులకే అవసరమగుచుండును.

దీనికి ఆద్యులెవ్వరను విషయమున ఏకాభిప్రాయము లేదు. 1944లో హెల్ఫ్రిక్, ఏబెల్సన్ ఐదు మాసముల బాలునకు కొలది దినములు సిరాహారమిచ్చిరి గనుక ప్రాథమ్యము వారిదే యని కొందరి మతము. అయినను, సిరాహారముతో ప్రాణము నిలుచుటయే గాక శరీరము పెరుగుటయు సాధ్యమేయని మొదట కుక్కపిల్లలయందును, పిదప చిన్నప్రేగు దాదాపు లోపించిన నవజాత శిశువునందును నిరూపించి, డడ్రిక్, విల్మోర్ ప్రభృతులు ఫిలడెల్ఫియాలో 1968లో ప్రకటించిన వృత్తాంతమునే ఆరంభముగా గ్రహించుట యుక్తముగ తోచుచున్నది.

గర్భమునందు మాయ ద్వారా నిరంతరము వచ్చుచుండిన అమైనో ఆమ్లములు బొడ్డుత్రాడు కోయుటతో నిలిచిపోవును. అటుపిమ్మట గ్లూకోజు మాత్రమే ఎక్కించినచో, శిశువు దినమునకు కిలోకు సుమారు ఒక గ్రాము చొప్పున తన దేహమందలి ప్రోటీనునే కోల్పోవును. రక్తమున ఆమ్లము పెరుగునను భీతిచే పూర్వులు కొన్నాళ్లు వేచియుండెడివారు. నేడు పుట్టిన కొలది గంటలలోనే ఆరంభించి, మొదటి దినమున కిలోకు కనీసము 1.5 గ్రాములు, రెండవనాటి నుండి 2.5 మొదలు 3.5 గ్రాముల వరకు అమైనో ఆమ్లము లిచ్చుట ఐరోపా వైద్యసంఘముల 2018 నాటి సిఫారసు. కొవ్వు దినమునకు కిలోకు 4 గ్రాములకు మించరాదు. తొలినాళ్ల తరుగుదల తీరిన పిమ్మట దినమునకు కిలోకు 15–20 గ్రాముల పెరుగుదల ఆశింతురు గాని, నీరు చేరినను బరువు హెచ్చును గనుక, తల చుట్టుకొలతయు నిడివియు వారమున కొకమారు కొలువక కేవలము తూకమును నమ్ముట ప్రమాదము. సిరలో నుంచిన గొట్టము ద్వారా రక్తమున సూక్ష్మజీవులు చేరుటయు, పిత్తము నిలిచి కాలేయము చెడుటయు ఇందలి ముఖ్యాపాయములు.

ఇట్టి శిశువుల చికిత్సకు తూర్పు హైదరాబాదున ఎల్.బి.నగర్ ప్రాంతమునందు కామినేని, రెయిన్‌బో వంటి ప్రైవేటు ఆసుపత్రులు కలవు. ఖర్చు భరింపజాలని దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట కుటుంబములకు 1953లో వెలసిన నీలోఫర్ ప్రభుత్వాసుపత్రియే పెద్ద దిక్కు. 2018 సెప్టెంబరు 24న ఆరంభమైన అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మెట్రో మార్గము అచటికి సమీపమున గల లక్డీకాపూల్ మీదుగా పోవుచున్నది. బిడ్డ నవజాత శిశువుల తీవ్రచికిత్సా విభాగము (ఎన్‌ఐసీయూ)లో నుండగా తల్లి పిండి యిచ్చిన పాలు తెచ్చు బంధువులకు ఇది మేలే. 375 గ్రాములు తూగిన ఇరువదియైదు వారముల శిశువు నగరమందలి ఒక ఆసుపత్రిలో బ్రతికి బయటపడెనని 2018లో పత్రికలు వ్రాసినవి.

తొలిదినముల నుండియే తల్లిపాలు కొద్దికొద్దిగా పట్టుట ప్రేగుల ఎదుగుదలకు హితము. తల్లికి పాలు చాలనప్పుడు దాతల పాలు వాడుదురు. నీలోఫర్‌లోని ధాత్రి పాలనిధి అట్టిది. పాలు దినమునకు కిలోకు దాదాపు 120 మిల్లీలీటర్లకు చేరి, శిశువు వానిని నిలుపుకొనుచున్నచో, సిరాపోషణము మాని గొట్టమును వెంటనే తొలగింపవలయును.