కొలమానం – స్థలం: అభివృద్ధి చెందుతున్న దేశాల్లో భవన సుస్థిరత అంచనా చరిత్ర (1990–2016)

వ్యాస సంగ్రహం:
భవనాల సుస్థిరతను అంచనా వేసే పద్ధతులు మొదట బ్రిటన్, అమెరికాలలో రూపొంది, తరువాత అభివృద్ధి చెందుతున్న దేశాలకు చేరాయి. ఏ అంశానికి ఎన్ని మార్కులు కేటాయించారో గమనిస్తే, అవి పుట్టిన సమాజాల అవసరాలు ఆ పద్ధతుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. దక్షిణాఫ్రికా, భారతదేశాలు వాటిని స్వీకరించి, మార్చుకున్న తీరును, ఆ క్రమంలో హైదరాబాద్‌కు గల స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సుస్థిరత, హరిత భవనం, లీడ్, గృహ, తాప సౌకర్యం, హైదరాబాద్.

ఉపోద్ఘాతం:
సుస్థిరాభివృద్ధి భావనకు ప్రపంచవ్యాప్త ప్రాచుర్యం కల్పించినది 1987 నాటి బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక. రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమన్న నిర్వచనం అందరికీ తెలిసినదే. అయితే పేదల కనీస అవసరాలకే అగ్ర ప్రాధాన్యం దక్కాలన్న మాట కూడా ఆ నివేదికలోనే ఉంది. భవనాలను కొలిచే పద్ధతులు రూపొందినప్పుడు నిర్వచనంలోని మొదటి భాగమే వాటికి ఆధారమైంది; రెండవ భాగం చాలాకాలం లెక్కకు రాలేదు. ఆ భాగాన్ని తిరిగి లెక్కలోకి తెచ్చే ప్రయత్నమే అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఈ రంగపు చరిత్ర.

తొలి కొలమానాలు:
1990లో బ్రిటన్‌లోని భవన పరిశోధన సంస్థ ‘బ్రీయం’ పద్ధతిని ప్రవేశపెట్టింది. అది మొదట కొత్త కార్యాలయ భవనాలకు ఉద్దేశించినది. 1993లో ఏర్పడిన అమెరికా హరిత భవన మండలి 1998లో ‘లీడ్’ పద్ధతిని ప్రయోగాత్మకంగా ఆరంభించి, 2000లో దాని రెండవ రూపాన్ని వెలువరించింది. ఇందులో మొత్తం మార్కులు 69. స్థలానికి 14, నీటికి 5, ఇంధనానికి 17, నిర్మాణ సామగ్రికి 13, గదుల లోపలి వాతావరణానికి 15, నూతన ఆలోచనలకు 5 కేటాయించారు. 52 లేదా అంతకు మించి మార్కులు వస్తే ‘ప్లాటినం’ స్థాయి లభించేది.

ఈ పంపకంలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, నీటి వాటా నూటికి ఏడు మాత్రమే. రెండవది, ఇంధనానికి ఇచ్చిన 17 మార్కులలో 10 పొదుపు శాతంపై ఆధారపడినవి. అమెరికా ప్రమాణం ప్రకారం నిర్మించిన నమూనా భవనంతో పోల్చి ఈ శాతాన్ని నిర్ణయిస్తారు. ఎక్కువ విద్యుత్తు వాడే భవనం వాడకాన్ని తగ్గించుకుంటే మార్కులు వస్తాయి. కిటికీలు, ఫ్యాన్లతోనే గడిచిపోయే భవనానికి తన పొదుపును ఈ లెక్కలో చూపడం కష్టం. సంపన్న సమాజపు అధిక వినియోగాన్ని తగ్గించడానికి పుట్టిన కొలమానం ఇది. తక్కువ వినియోగంతో బతికే సమాజాన్ని కొలవడం దాని ఉద్దేశం కాదు.

హైదరాబాద్ భవనం:
ఈ కొలమానం భారతదేశంలో కాలూనినది హైదరాబాద్‌లోనే. భారత పరిశ్రమల సమాఖ్య 2001లో భారతీయ హరిత భవన మండలిని నెలకొల్పింది. నగరంలో ఆ సమాఖ్య నిర్మించిన సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికి 2003లో లీడ్ ప్లాటినం గుర్తింపు లభించింది. అమెరికా వెలుపల ఆ స్థాయి పొందిన తొలి భవనం అదే. 2004 జూలై 14న రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు.

ఈ భవన నిర్మాణంలో ఒక విశేషం ఉంది. నడుమ ఆరుబయలు ముంగిలి, గాలినీ వెలుగునూ వడకట్టే జాలీ గోడలు, గాలి గోపురాలు, పైకప్పు మీద పచ్చిక, మొక్కల వేళ్ల సాయంతో వ్యర్థజలాన్ని శుద్ధిచేసి తిరిగి వాడే ఏర్పాటు ఇందులో ఉన్నాయి. మండువా లోగిళ్లు ఎరిగిన తెలుగువారికి నడిమి ముంగిలి కొత్త కాదు. వంద కిలోమీటర్లకు మించిన దూరం నుంచి కృష్ణా జలాలు తెచ్చుకుంటున్న నగరంలో ఒక్క చుక్క మురుగునీటినీ బయటికి వదలని భవనం కట్టడం స్థానిక అవసరాన్ని గుర్తించడమే. అంటే భవనం స్థానికం, దానికి మార్కులు వేసిన కొలమానం పరాయిది. కొలమానం కోరిన దానికంటే నిర్మాతల ఆలోచనే ముందున్నదని చెప్పవచ్చు.

దక్షిణాఫ్రికా ప్రత్యామ్నాయం:
ఇదే కాలంలో దక్షిణాఫ్రికాలో భిన్నమైన ఆలోచన రూపుదిద్దుకుంది. జొహన్నెస్‌బర్గ్‌లో సుస్థిరాభివృద్ధి శిఖరాగ్ర సదస్సు జరిగిన 2002లోనే క్రిస్నా డు ప్లెసిస్ సంపాదకత్వంలో అభివృద్ధి చెందుతున్న దేశాల సుస్థిర నిర్మాణంపై ‘ఎజెండా 21’ పత్రం వెలువడింది. ఈ దేశాల్లో నిర్మాణరంగ సమస్య ప్రధానంగా వినియోగాన్ని తగ్గించడం కాదని, అభివృద్ధిని సాధిస్తూనే పర్యావరణాన్ని కాపాడుకోవడమని ఆ వాదం సారాంశం.

అక్కడి శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిలో జెరెమీ గిబ్బర్డ్ రూపొందించిన ‘ఎస్‌బాట్’ పద్ధతి ఈ దృష్టికి ఆచరణ రూపం. అందులోని 15 అంశాలలో సామాజికం 5, ఆర్థికం 5, పర్యావరణం 5. నిర్మాణంలో స్థానికులకు పని దొరికిందా, వికలాంగులు భవనాన్ని వాడుకోగలరా, నిర్వహణ ఖర్చు ఎంత అన్న ప్రశ్నలకు విద్యుత్తు, నీటితో సమానమైన స్థానం లభించింది.

‘గృహ’ పద్ధతి:
భారతదేశంలో ఇంధన వనరుల సంస్థ ‘టెరి’ రూపొందించిన ‘గృహ’ పద్ధతిని 2007లో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వశాఖ జాతీయ పద్ధతిగా స్వీకరించింది. ఇందులో ఒక దశలో 34 ప్రమాణాలు ఉండేవి. అప్పట్లో 50 మార్కులు వస్తే ఒక నక్షత్రం, 90 దాటితే అయిదు నక్షత్రాలు దక్కేవి. ఏసీ లేని భవనాలను సైతం కొలవగలగడం, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద వాడకాన్ని ప్రోత్సహించడం, పనిచోట కూలీలకు పారిశుద్ధ్యం, భద్రత కల్పించాలనడం దీని ప్రత్యేకతలు. భవనంలో ఉండేవారితోపాటు దానిని కట్టేవారు కూడా సుస్థిరత పరిధిలోకి వచ్చారు.

తాప సౌకర్యం – ఒక సాక్ష్యం:
కొలమానం స్థానికం కావలసిన అవసరాన్ని హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో జరిగిన ఒక అధ్యయనం బలంగా నిరూపించింది. 2008 వేసవి, వర్షాకాలాల్లో మాధవి ఇంద్రగంటి 45 ఫ్లాట్లలో నివసించే వందమందికి పైగా వ్యక్తుల అనుభవాన్ని నమోదు చేశారు. వారికి హాయిగా తోచిన ఉష్ణోగ్రతల పరిధి సుమారు 26 నుంచి 32.5 డిగ్రీల సెల్సియస్; చలీ ఉక్కా అనిపించని స్థితి 29.2 డిగ్రీలు. నాటి జాతీయ భవన నియమావళి వేసవికి సూచించినది 23 నుంచి 26 డిగ్రీలు మాత్రమే. అంటే నియమావళి హద్దు ముగిసిన చోటనే నగరవాసుల హాయి మొదలవుతోంది. ఈ తేడా ఖరీదు ఏసీల విద్యుత్ బిల్లులో తేలుతుంది.

2014లో భారత వాతావరణానికి తగిన అనుకూలన తాప సౌకర్య నమూనా వెలువడింది. 2016 జాతీయ భవన నియమావళిలో దానికి చోటు లభించింది.

ముగింపు:
పై పరిశీలన వల్ల తేలే అంశాలు:
1. భవన సుస్థిరత కొలమానం తటస్థమైనది కాదు. మార్కుల పంపకమే దాని సామాజిక దృక్పథాన్ని వెల్లడిస్తుంది.
2. అభివృద్ధి చెందుతున్న దేశాలు కొలమానాలను యథాతథంగా అనుకరించి ఊరుకోలేదు. ఉపాధి, అందుబాటు, కూలీల భద్రత, స్థానిక వాతావరణం వంటి అంశాలను వాటిలో చేర్చాయి.
3. ఈ పద్ధతులు ఎక్కువగా కార్యాలయాలకు, పెద్ద కట్టడాలకు పరిమితమయ్యాయి. ధ్రువపత్రం కోరని, వాస్తుశిల్పి ప్రమేయం లేకుండా మేస్త్రీలు కట్టే సామాన్యుల ఇళ్లు వాటి పరిధికి వెలుపలే ఉన్నాయి.

బ్రంట్‌లాండ్ నివేదిక పేదల అవసరాలకు ఇచ్చిన ప్రాధాన్యం ఆ ఇళ్లను సైతం అంచనా పరిధిలోకి తెచ్చిననాడే నెరవేరుతుంది. ఆ ఇళ్లకు పనికివచ్చే కొలమానం నక్షత్రాలతో మొదలుకానక్కరలేదు. నీడ, నీరు, గాలి, ఖర్చు అన్న నాలుగు ప్రశ్నలతో మొదలైనా చాలు.