రుద్రాక్ష పిల్లి వాదన

పొద్దున్నే అయిదున్నరకి లేచి ధ్యానం చెయ్యాలని నేను తీర్మానించుకోవడం ఇది నాలుగోసారి. చాప వేసుకుని, ఫోను మూగబెట్టి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాను. రెండు నిమిషాలయ్యేసరికి నిన్న రాత్రి ఫెయిలైన బిల్డు గుర్తొస్తుంది. కళ్ళు తెరిస్తే ఎదురుగా మా పిల్లి. ముందుకాళ్ళు దగ్గరికి చేర్చి, కళ్ళు సగం మూసి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంటుంది. దాని చూపుకి మాటలొస్తే ఇలా అంటుందేమో: "ఇంతసేపు కదలకుండా కూర్చోవాలంటే ఎదురుగా కనీసం ఎలక కన్నమైనా ఉండాలి కదా, వీడేమిటి ఖాళీ గోడ ముందు కూర్చున్నాడు?"

నవ్వులాటకి అన్నా, ఈ విషయంలో పిల్లులకి మనమీద చాలా పాత ఫిర్యాదే ఉండాలి. దొంగ భక్తుణ్ణి మనం "రుద్రాక్ష పిల్లి" అంటాం. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో అయితే "బైడాలవ్రతికుడు" అని పేరే పెట్టేశారు. బిడాలం అంటే పిల్లి. నలుగురూ చూసేలా ధర్మం జెండా ఎగరేస్తూ లోపల లోభంతో ఉండేవాడన్నమాట. అలాంటి బ్రాహ్మడికి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు. పక్క శ్లోకంలో కొంగకి కూడా నాలుగు అక్షింతలు పడ్డాయనుకోండి, అది వేరే సంగతి.

ఈ పిల్లిని రాతి మీద మొదటిసారి చూసింది చెన్నైలో ఉద్యోగం చేసే రోజుల్లో. మా ఆఫీసున్న రోడ్డు పేరే ఓల్డ్ మహాబలిపురం రోడ్డు. ఓఎమ్మార్, ఓఎమ్మార్ అంటూ ఏళ్ళ తరబడి దానిమీద క్యాబుల్లో నిద్రపోయాం గానీ, ఆ మహాబలిపురం దాకా వెళ్ళింది మాత్రం ఒక టీమ్ అవుటింగులో. ఏడో శతాబ్దంలో పల్లవులు చెక్కించిన శిల్పం అది. రెండు పెద్ద బండలు, మధ్యలో చీలిక. ఆ చీలికే గంగ. పొడవు దాదాపు 30 మీటర్లు. అక్కడ తపస్సు చేస్తున్నది అర్జునుడా, భగీరథుడా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరైతేనేం, శివుడి పక్కన ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, ఎముకల గూడులా ఉన్నాడాయన. కుడి పక్క కింద, పెద్ద ఏనుగు దగ్గర, పిల్లి. అదీ లేచి నిలబడి ముందుకాళ్ళు తలపైకి ఎత్తింది. కాళ్ళ దగ్గర ఎలకలు.

మా వాళ్ళంతా ఏనుగుతో ఫొటోలు దిగుతుంటే నేను పిల్లి దగ్గరే ఉండిపోయాను. ఒకే బండ మీద అసలు తపస్సూ, దొంగ తపస్సూ. భంగిమ చూస్తే రెంటికీ తేడా లేదు. ఆ శిల్పి కావాలనే అలా చెక్కాడని నా నమ్మకం.

ఆ పిల్లి కథ భారతం ఉద్యోగపర్వంలో ఉంది. గంగ ఒడ్డున ఒక పిల్లి చేతులెత్తి తపస్సు మొదలెట్టింది. ముందు పక్షులు నమ్మాయి, తర్వాత ఎలకలు వచ్చి కాపాడమని శరణు వేడాయి. పిల్లి సరేనని, "తపస్సుతో నీరసించాను, రోజూ నన్ను ఏటి దాకా తీసుకెళ్ళండి" అంది. ఎలకలు తగ్గుతున్నాయి, పిల్లి నునుపెక్కుతోంది. చివరికి కోకిలం అనే ముసలి ఎలక పట్టేసింది. ఎలాగంటే, పిల్లి పెంటికల్లో వెంట్రుకలు చూసింది. దుంపలూ పళ్ళూ తినేవాడి దొడ్డిలో వెంట్రుకలెందుకుంటాయి? అంతే, ఎలకలన్నీ పరారు. ప్రపంచంలో మొట్టమొదటి లాగ్ ఫైలు చదివింది కోకిలమే అంటాను నేను.

ఇంతకీ భారతంలో ఈ కథ చెప్పి పంపింది ఎవరో తెలుసా? దుర్యోధనుడు! యుద్ధానికి ముందు శకుని కొడుకు ఉలూకుణ్ణి పంపి, ధర్మరాజుని "నువ్వు ఆ పిల్లివి" అనిపిస్తాడు. పిల్లి అని తిట్టినవాడల్లా ఎలక కాదు మరి.

హితోపదేశంలో దీర్ఘకర్ణమనే పిల్లిదీ ఇదే పని. గంగాస్నానం చేస్తాను, మాంసం ముట్టను, చాంద్రాయణ వ్రతంలో ఉన్నాను అంటూ గుడ్డి గద్ద తొర్రలో చేరి, చెట్టు మీది పక్షిపిల్లల్ని తినేసి, ఎముకలు ఆ తొర్రలోనే వదిలేసి వెళ్ళిపోతుంది. పక్షులొచ్చి ఎముకలు చూసి గద్దని చంపేస్తాయి. నన్నడిగితే ఇది భారతం కథ కంటే భయంకరం. చోటిచ్చినవాడు పోయాడు, తిన్నవాడు బాగానే ఉన్నాడు.

పిల్లికి మన దగ్గర మంచి మాట ఒక్కటైనా దొరికిందంటే అది వైష్ణవుల దగ్గరే. పిల్లి తన కూనని నోట కరుచుకుని మోసుకుపోతుంది, కూన ఏమీ చెయ్యక్కర్లేదు. దేవుడూ అంతే అంటారు తెంగలై వాళ్ళు. కాదు, కోతిపిల్లలా మనమే తల్లిని పట్టుకోవాలంటారు వడగలై వాళ్ళు. మార్జాల కిశోర న్యాయం, మర్కట కిశోర న్యాయం అంటే ఇవే.

నాకు 2011లో ఆ పిల్లి మోత మీద బాగా గురి కుదిరింది. ఒక స్వామి దగ్గర చేరాను. నేను చేరడమే కాదు, అమ్మనీ నాన్ననీ కూడా తీసుకెళ్ళాను. గోశాల కడుతున్నామంటే నెలనెలా నా జీతంలోంచి కొంత పంపాను, నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఇప్పించాను, అమ్మ రెండు గాజులు తీసిచ్చింది. మూడేళ్ళు. రోజంతా ఆఫీసులో లాగ్‌లు తవ్వి తప్పులు పట్టేవాణ్ణి, ఆ డబ్బు ఏమైందని ఒక్కసారీ అడగలేదు. పైగా అడిగిన మా బావని శ్రద్ధ లేనివాడన్నాను.

అమ్మ ఎనిమిదో క్లాసు చదివింది. ఒకరోజు ప్రసాదం పట్టుకుని వచ్చి మెల్లగా అంది: "ఇన్నిసార్లు వెళ్ళాం గానీ, అక్కడ ఎప్పుడైనా పేడ వాసన తగిలిందట్రా నీకు?"

తగల్లేదు. డబ్బు వెనక్కి రాలేదు. నాన్న ఆ సంగతి ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తరు. బావకి సారీ చెప్పడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

అమ్మ పూజ మానలేదు. రోజూ గిన్నెలో పాలు నైవేద్యం పెడుతుంది. మా పిల్లి దేవుడి గూటి ముందు కూర్చుని గంట మోగేదాకా కళ్ళు మూసుకుని ఆగుతుంది. మొన్న నేను దాన్ని దొంగ భక్తురాలని వెక్కిరిస్తే అమ్మ ఊరుకోలేదు.

"దొంగేముందిరా అందులో? పాల కోసమే కూర్చున్నానని అది ఎప్పుడైనా దాచిందా?" అని గిన్నె దాని ముందుకి జరిపింది.