ఇంగ్లీషులో ఒక తెలుగు మొర

విద్యార్థుల వ్యాసరచన ఏ తెలుగులో ఉండాలన్న తగవు మద్రాసు విశ్వవిద్యాలయం దాకా పోయింది. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం కొమ్ముకాసింది. వాడుకభాష కోసం వాదించిన గిడుగు పర్లాకిమిడిలో, గురజాడ విజయనగరంలో పాఠాలు చెప్పినవారు. పిల్లల అవస్థ కళ్ళారా చూసినవారు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. అదీ ఇంగ్లీషులోనే! తెలుగు గోడు దొరభాషలో వెళ్ళబోసుకుంటే తప్ప వినే దిక్కులేని కాలం. విన్నా లాభం లేకపోయింది. గ్రాంథికవాదులదే పైచేయి అయింది. మరుసటి ఏడు గురజాడ కన్నుమూశారు.

ఆ వాదాల్లో పండితుల పేర్లే తప్ప, పరీక్ష రాసే పిల్లవాడి చేవ్రాలు నాకెక్కడా కనబడలేదు.

వాడుకభాష ఆ తర్వాత నెగ్గింది. అయినా మొన్న నేను దిద్దిన పేపరులో ఒకమ్మాయి "వచ్చింది" అని రాసి, కొట్టేసి, "వచ్చినది" అని దిద్దుకుంది.